మిస్సమ్మకు తగిన మాస్టారు

హైదరాబాదు నగరంలో బషీర్‌బాగ్ అనే పేరు ఒక ప్రభువు బిరుదునుండి వచ్చినది. ఆరవ నిజాము కాలంలో, 1887లో దివాను పదవి చేపట్టిన సర్ ఆస్మాన్ జా వారికి బషీరుద్దౌలా అని బిరుదు. ఆయన కట్టించిన సౌధమూ, దాని చుట్టూ పెంచిన తోటా ఆ పేరుతో ప్రసిద్ధి కెక్కినవి. సౌధము పోయినది, తోట పోయినది, పేరు మాత్రము మిగిలినది. ఆ ప్రక్కనే ఫతే మైదానము ఉన్నది. 1687లో గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యము విడిది చేసిన స్థలము అదేననీ, ఆ విజయమే దానికి పేరైనదనీ చెబుతారు. 1967లో దానికి లాల్ బహదూర్ స్టేడియము అని పేరు మార్చినారు. 1983 జనవరి 9వ తేదీన ఆ మైదానంలోనే, వేలాది ప్రజల సమక్షంలో, నందమూరి తారక రామారావుగారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారము చేసినారు.

అక్కడికి కొద్ది దూరంలోనే అబిడ్సు. ఆరవ నిజాముకు ఆంతరంగిక సేవకుడైన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన పెట్టిన దుకాణమే ఆ వీథికి పేరు తెచ్చినది. ఆ అబిడ్సులోనే రామారావుగారి నివాసమూ, ఆయన కట్టించిన రామకృష్ణ సినిమాహాలూ ఉండేవి. ఇట్లు ఈ పేటకు ఆయనతో చుట్టరికము గట్టిది. ఇక్కడి జనము ఆయనను నాయకుడుగా తలచుకుంటారు. తెలుగునాట తక్కిన చోట్ల అనేకులకు ఆయన పేరు వినగానే కిరీటమూ, శంఖచక్రాలూ కంటికి కనిపిస్తాయి. రాముడంటే ఇట్లే ఉంటాడు, కృష్ణుడంటే ఇట్లే ఉంటాడు అని మూడు తరాలవారు నమ్మినారు.

మేము ఈ ప్రసంగంలో ఆ రాముని గూర్చి గాని, ఆ ముఖ్యమంత్రిని గూర్చి గాని చెప్పబోవడము లేదు. చేతిలో ఉద్యోగము లేని ఒక బి.ఏ. పట్టభద్రుని గూర్చి చెప్పదలచినాము. ఆయన పేరు ఎం.టి. రావు. ఇంగ్లీషు తెలిసిన చెవికి ఆ పొడి అక్షరాలు రెండూ కలిసి 'ఖాళీ' అన్నట్లు వినబడతాయి. జేబు ఖాళీ, ఇల్లు ఖాళీ. మనస్సు మాత్రము నిండుకుండ. 1955 జనవరి 12వ తేదీన విడుదలైన 'మిస్సమ్మ' చిత్రంలో రామారావుగారు ధరించిన పాత్ర అది. మా అభిప్రాయము ఏమంటే, ఆయన నటజీవితంలో దేవతల పాత్రలకు ఎంత విలువ ఉన్నదో ఈ పేద మాస్టారుకు అంతకు తక్కువ లేదు. పైగా, దీనికి కావలసిన నేర్పు కంటికి అంత సులభంగా కనబడేది కాదు.

ప్రేమనూ హాస్యాన్నీ ముడివేసిన కథలో నాయకుని పని కష్టమైనది. యుద్ధము చేసే నాయకునికి ఆయుధము ఉన్నది. విరహంతో కుమిలే నాయకునికి కన్నీరు ఉన్నది. వినోదకథలోని నాయకునికి ఈ రెండూ లేవు. అతనికి ఉన్నది ఓర్పు ఒక్కటే. తాను నవ్వులపాలైనా చిన్నపోకూడదు, ఎదుటివారిని నవ్వులపాలు చేసినా కించపరచకూడదు. మన ఆలంకారికులు నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు తెగలుగా విభజించినారు. మృచ్ఛకటికంలోని చారుదత్తుడు ఈ నాల్గవ తెగవాడు. ఇల్లు గడవని పేదవాడైనా మాటలోను నడతలోను తొణకనివాడు. ఉదాత్తుని పాత్రలో రాణించినవారు మనకు చాలామంది ఉన్నారు గాని, శాంతుని పాత్రలో నిలిచినవారు తక్కువ.

పాశ్చాత్య చిత్రసీమలో ఇటువంటి కథకు ఒరవడి పెట్టినది 1934లో వచ్చిన 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్' అనే హాలీవుడ్ చిత్రము. దర్శకుడు ఫ్రాంక్ కాప్రా. నాయకుడు క్లార్క్ గేబుల్. నాయిక క్లాడెట్ కోల్బర్ట్. ఉత్తమ చిత్రము, దర్శకుడు, నటుడు, నటి, చిత్రకథ అనే ఐదు ముఖ్యమైన ఆస్కార్ బహుమతులనూ ఒక్కటే గెలుచుకున్న మొదటి చిత్రము అది. కథ స్వల్పము. ఒక కోటీశ్వరుని కూతురు తండ్రిమీద అలిగి ఇల్లు విడిచి పారిపోతుంది. బస్సులో ఆమెకు ఒక పత్రికా విలేఖరి తోడుపడతాడు. అతడు అప్పుడే ఉద్యోగము పోగొట్టుకున్నవాడు. చేతిలో డబ్బు చాలక, దారిలో ఒకే గదిలో భార్యాభర్తలమని చెప్పి తలదాచుకోవలసి వస్తుంది. అతడు రెండు మంచాల నడుమ ఒక త్రాడు కట్టి, దానిమీద కంబళి ఆరవేసి, దానికి 'జెరికో గోడ' అని పేరు పెడతాడు. బైబిలు కథలో జెరికో పట్టణపు ప్రాకారము బాకాల ధ్వనికి కూలిపోయినది గదా! ఈ కంబళిగోడ మాత్రము ఎవరి బలంచేతనూ కూలదు. ఆమెకు మనస్ఫూర్తిగా ఇష్టమై, పెండ్లి అయిన తరువాతనే అది క్రింద పడుతుంది.

ఆ చిత్రంలో రెండు ఘట్టాలు మన కథకు దగ్గరగా వస్తాయి. తండ్రి పంపిన వేగులవారు గదిలోకి వచ్చినప్పుడు వారిద్దరూ ఏండ్ల తరబడి కాపురము చేసి విసిగిపోయిన దంపతులవలె గట్టిగా తగవులాడుకుంటారు. వచ్చినవారు అది చూచి నిజమైన మొగుడూ పెళ్ళాలే అని నమ్మి వెళ్ళిపోతారు. ప్రేమను నటించడము కన్న పోట్లాటను నటించడమే దాంపత్యానికి బలమైన సాక్ష్యమైనది! ఇక రెండవది: పిల్లను అప్పగించినవారికి పదివేల డాలర్ల బహుమతి ఉన్నా, ఆ విలేఖరి దానిని ముట్టడు. దారిలో తాను పెట్టిన ఖర్చు ముప్పది తొమ్మిది డాలర్ల అరువది సెంట్లు మాత్రమే అడుగుతాడు. అతని ప్రేమ ఎంతటిదో తండ్రికి ఆ చిన్న లెక్కవల్లనే తెలుస్తుంది. వినోదకథలో నాయకుని గొప్పతనము అతడు సాధించినదానిలో ఉండదు. వద్దని వదలినదానిలో ఉంటుంది. ఈ ఒక్క సూత్రము పట్టుకుంటే 'మిస్సమ్మ' అందము మనకు తేటపడుతుంది.

'మిస్సమ్మ' పుట్టినది మద్రాసులో. నాగిరెడ్డి, చక్రపాణి గారల విజయా సంస్థ దానిని నిర్మించినది. ఈ జంటయే 1947లో 'చందమామ' మాసపత్రికను స్థాపించి తెలుగు పిల్లలకు కథల విందు చేసినది. చక్రపాణిగారు తెనాలి ప్రాంతమువారు. బెంగాలీ నేర్చి శరత్ బాబు నవలలను తెనిగించినవారు. 'మిస్సమ్మ' కథకు మూలము కూడ బెంగాలీ సాహిత్యంలోనే ఉన్నది. రవీంద్రనాథ మైత్ర రచించిన 'మాన్‌మయీ గర్ల్స్ స్కూల్' అనే హాస్యనాటకము దీనికి ఆధారము. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావుగారివి, సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది, ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్‌లే గారిది, దర్శకత్వము ఎల్.వి. ప్రసాద్ గారిది. బెంగాలీ బీజము, మద్రాసు మడి, తెలుగు పంట అని చెప్పవచ్చును. ఎక్కడినుండి వచ్చినా, తెలుగు ఇంటి వంటకము వలెనే రుచించినది.

కథను క్లుప్తంగా గుర్తుచేస్తాము. అప్పాపురము జమీందారు గోపాలము గారికి ఒక బడి ఉన్నది. చిన్ననాడు తప్పిపోయిన పెద్ద కూతురు మహాలక్ష్మి జ్ఞాపకార్థము నడిపే బడి అది. దానిని చక్కపెట్టడానికి బి.ఏ. చదివిన దంపతులు కావలెనని ఆయన ప్రకటిస్తారు. మద్రాసులో ఉద్యోగము లేక తిరుగుతున్న ఎం.టి. రావుకు డిగ్రీ ఉన్నది, భార్య లేదు. మేరీ అనే క్రైస్తవ యువతికీ డిగ్రీ ఉన్నది, భర్త లేడు. పైగా ఆమెకు అప్పుబాధ ఒకటి. డేవిడ్ అనే అప్పులవాడు బాకీ తీర్చలేకపోతే తనను పెండ్లాడవలెనని వెంటపడుతూ ఉంటాడు. గత్యంతరము లేక ఇద్దరూ దంపతులమని చెప్పుకొని అప్పాపురము చేరుతారు. అక్కడ జమీందారు దంపతులు వారిని కన్నబిడ్డలవలె ఆదరిస్తారు. ఆ ఆదరణయే మేరీకి పెద్ద చిక్కు. బొట్టు పెట్టుకోమన్నా, పూజకు రమ్మన్నా ఆమెకు మండిపోతుంది. ఆ మంట అంతా పడేది ఎవరిమీద? పాపము, మాస్టారుమీదనే.

1955 నాటి ప్రేక్షకులకు ఈ కథలోని హాస్యము క్రింద ఒక చేదు నిజము కూడ తెలిసినది. చదువుకున్నవారికి ఉద్యోగము దొరకడము దుర్లభమైన రోజులవి. బి.ఏ. పట్టా చేత పట్టుకొని కచేరీల గడపలు తొక్కిన యువకులు ప్రతి ఊరిలోనూ ఉండేవారు. ఇంటి అప్పు తీర్చడానికి ఆడపిల్ల పరాయి ఊరికి పోయి జీతము తెచ్చుకోవడము అప్పటికి ఇంకా అపూర్వమే. 'మిస్సమ్మ' ఈ రెండు కష్టాలనూ ఉపన్యాసము చెప్పకుండా కథలో ఇమిడ్చినది. అబద్ధమాడినది సరదాకోసము కాదు, కూటికోసము. అందువలననే ఆ అబద్ధాన్ని మనము క్షమిస్తాము.

రామారావుగారికి ఈ పాత్ర పూర్తిగా కొత్తది కాదని మా భావము. ఆయన 1923 మే 28న కృష్ణాజిల్లా నిమ్మకూరులో జన్మించినారు. బెజవాడ కళాశాలలో చదువుతున్న రోజులలో విశ్వనాథ సత్యనారాయణగారి ప్రోత్సాహంతో ఒక నాటకంలో నాగమ్మ వేషము వేయవలసి వచ్చినది. మీసము తీయనని పట్టుబట్టి, మీసముతోనే ఆ స్త్రీ పాత్ర ధరించి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్నారు. తరువాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఏ. పూర్తిచేసినారు. పరీక్ష గెలిచి సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగము సంపాదించి, కొద్ది వారాలకే దానిని వదలి మద్రాసు రైలెక్కినారు. సర్కారు కొలువు చేతికి వచ్చిన తరువాత కాదనుకోవడము ఆనాడు సామాన్యమైన సాహసము కాదు. కనుక నిరుద్యోగ పట్టభద్రుని పాత్ర ధరించిన ఆ నటుడు పట్టా విలువా, పదవి విలువా రెండూ తూచి చూచినవాడే.

ఆయనను మొదట తెరకు ఎక్కించినది కూడ ఎల్.వి. ప్రసాద్ గారే. 1949లో వచ్చిన 'మనదేశం' చిత్రంలో చిన్న పోలీసు అధికారి వేషము ఇచ్చినారు. 1951లో 'పాతాళభైరవి' ఆయనను సాహసవీరుని చేసినది. అదే సంవత్సరము 'మల్లీశ్వరి' కోమల నాయకుని చేసినది. 1952లో 'పెళ్ళిచేసి చూడు' గృహస్థును చేసినది. ప్రసాద్ గారు 'ఆలమ్ ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' అనే తొలి టాకీలలో స్వయంగా నటించినవారు. నటునికి ఎక్కడ మాట అవసరమో, ఎక్కడ మౌనము అవసరమో ఆయనకు బాగుగా తెలుసును. 'మిస్సమ్మ'లో రామారావుగారి చేత ఆయన మౌనమే ఎక్కువ చెప్పించినారు.

ఈ చిత్రాన్ని మరల చూచేటప్పుడు ఒక పని చేయవలెనని శ్రోతలను కోరుతున్నాము. మేరీ మాట్లాడుతున్నప్పుడు మేరీని గాక, వింటున్న రావును చూడండి. ఆమె కసిరినప్పుడు అతడు ఎదురు కసరడు. ఒక్క క్షణము ఆగుతాడు. కనుబొమ కొద్దిగా లేస్తుంది. పెదవి చివర నవ్వు వచ్చి, బయటపడకుండా అక్కడే నిలిచిపోతుంది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఈ కోపము వెనుక ఏమున్నదో కనుగొందామనే కుతూహలము ఉన్నది. అంత ఎత్తరి, అంత గంభీరమైన కంఠము గలవాడు గట్టిగా ఒక్క మాట అంటే ఆ ఇల్లు దద్దరిల్లిపోగలదు. అనగలవాడు అనకుండా ఉండడమే ఇక్కడ రసము. బలహీనుడు ఊరుకుంటే మనకు జాలి కలుగుతుంది గాని, బలవంతుడు ఊరుకున్నప్పుడు కలిగేది ప్రేమ.

ఇంకొక సంగతి. లోకము దృష్టిలో రావు మేరీకి భర్త. నలుగురిలో అతనికి భర్తకు ఉండే అధికారాలన్నీ ఉన్నవి. ఆ కాలంలో అవి చిన్న అధికారాలు కావు. తలుపు వేసిన తరువాత అతనికి ఏ అధికారమూ లేదు. ఈ రెండు స్థితుల నడుమ గీత ఒకటి ఉన్నది. ఆ గీతను అతడు ఒక్కసారి కూడ దాటడు. హాలీవుడ్ చిత్రంలో కంబళి అడ్డము కట్టవలసి వచ్చినది. అప్పాపురములో ఆ అడ్డు మాస్టారు స్వభావంలోనే ఉన్నది. భర్త అనే మాటకు అధికారి అని కాక, నమ్మదగినవాడు అని అర్థము చెప్పిన పాత్ర ఇది. పెండ్లి కాకముందే అతడు మంచి భర్త అనిపించుకున్నాడు. ఈ చిత్రము తెలుగు కుటుంబాలకు నవ్వుతూ నేర్పిన పాఠము ఇదే.

ఇట్లు చెప్పినంత మాత్రాన రావును పరమ సాధువని అనుకోకూడదు. అతనికీ చిలిపితనము ఉన్నది. జమీందారుగారి చిన్నకూతురు సీతకు అతడు సంగీతము చెబుతాడు. భార్య కాని భార్యకు అది చూచి అసూయ పుడుతుంది! మేరీ మగవారిని నమ్మరాదన్నట్లు సీతకు ఒక పాట నేర్పితే, మాస్టారు అదే బాణీలో ఆడవారికి హితవు చెప్పే పాటను ఎదురు నేర్పుతాడు. ఒకే రాగము, రెండు వాదాలు. న్యాయస్థానములో నడిచే వ్యాజ్యము వలె ఈ తగవు సాగుతుంది. వెన్నెల రాత్రి పాటలో చందమామను పిలిచి, ఇద్దరూ తమ ఫిర్యాదులు అతనికి విన్నవించుకుంటారు. న్యాయమూర్తి మాత్రము ఏమీ పలకడు. వెన్నెల కురిపిస్తాడు, అంతే. ఆ పాటలో రామారావుగారికి ఎ.ఎం. రాజా, సావిత్రిగారికి పి. లీల గాత్రమిచ్చినారు. రాజా కంఠములోని మెత్తదనము ఈ పాత్రకు అమరినట్లు ఘంటసాలవారి నిండు కంఠము కూడ అమరి ఉండేది కాదేమో అని మాకు తోచుతుంది.

నాయకుడు తగ్గి ఉండవలెనంటే ఎదుట నిలిచే నాయిక దీటైనది కావలెను. మేరీ పాత్రకు మొదట భానుమతిగారిని తీసుకొని కొంత చిత్రీకరణ కూడ జరిపినారు. నిర్మాతతో అభిప్రాయభేదము వచ్చి ఆమె తప్పుకున్నారు. అప్పటికి సీత పాత్రకు నిర్ణయమైయున్న సావిత్రిగారు మేరీ అయినారు. సీతగా జమున గారు వచ్చినారు. 'పాతాళభైరవి'లో ఒక నృత్యములో మాత్రమే కనిపించి, 'పెళ్ళిచేసి చూడు'లో రెండవ నాయికగా నటించిన సావిత్రిగారికి ఈ మార్పు భాగ్యరేఖ అయినది. ఆమె కోపము నటించిన తీరు ప్రత్యేకంగా చెప్పదగినది. పై పెదవి కోపము చెబుతూ ఉంటే కన్నులు వేరే మాట చెబుతూ ఉంటాయి. ఆ రెండు మాటల నడుమ తేడాను వినగలవాడు ఒక్క రావు మాత్రమే.

అక్కినేని నాగేశ్వరరావుగారి మాట కూడ చెప్పవలెను. 1953లో 'దేవదాసు'తో లోకాన్ని ఏడిపించిన నటుడు, రెండేండ్లు తిరగకముందే, భూతద్దము పట్టుకొని తిరిగే ఉత్తుత్తి డిటెక్టివు రాజు వేషము వేసినారు. పెద్ద నటులిద్దరు ఒకే చిత్రంలో, ఇద్దరూ నవ్వులపాలు కావడానికి సిద్ధపడి నటించినారు. జమీందారుగా ఎస్.వి. రంగారావుగారు, ఆయన భార్యగా ఋష్యేంద్రమణిగారు, దేవయ్యగా రేలంగి, డేవిడ్‌గా రమణారెడ్డి వేసినారు. ఒకరి కాలు మరొకరు త్రొక్కకుండా ఇంతమంది ఒక అరుగుమీద కూర్చున్నట్లు కథ నడుస్తుంది.

ఇటువంటి సౌజన్యమునకు పశ్చిమాన కూడ ఒక ఉదాహరణ ఉన్నది. 1953లో విలియం వైలర్ తీసిన 'రోమన్ హాలిడే'లో నాయకుడు గ్రెగరీ పెక్ అప్పటికే మహాప్రసిద్ధుడు. ఆడ్రే హెప్‌బర్న్ హాలీవుడ్‌కు క్రొత్త. ఆమె పేరు కూడ తన పేరుతో సమానంగా ప్రకటనలలో వేయవలెనని పెక్ తానే కోరినాడు. ఆ చిత్రానికి హెప్‌బర్న్‌కు ఆస్కార్ బహుమతి వచ్చినది. ఆ చిత్రంలోను నాయకుడు విలేఖరియే. రాజకుమారి రహస్యాన్ని అమ్ముకుంటే డబ్బు వచ్చే అవకాశమున్నా వదలుకుంటాడు. న్యూయార్కు బస్సులోని విలేఖరి, రోము వీథిలోని విలేఖరి, అప్పాపురములోని మాస్టారు, ముగ్గురూ ఒక్క తానులోని గుడ్డలే.

'మిస్సమ్మ' సరిహద్దులు దాటి కూడ ప్రయాణము చేసినది. ప్రసాద్ గారే 1955లో దానిని తమిళంలో 'మిస్సియమ్మ'గాను, 1957లో హిందీలో 'మిస్ మేరీ'గాను తీసినారు. ఆ రెంటిలోను మాస్టారు పాత్ర జెమినీ గణేశన్ గారిది. హిందీలో మేరీగా మీనాకుమారి, డిటెక్టివుగా కిశోర్ కుమార్ నటించినారు. ఇదే కాలంలో, 1956లో, గేబుల్ నటించిన ఆ అమెరికా కథ కూడ రాజ్ కపూర్, నర్గీస్ జంటతో 'చోరీ చోరీ'గా హిందీ తెరకు వచ్చినది. గణేశన్ గారు స్వభావంచేతనే మృదువైన నాయకుడు. ఆయన తగ్గి ఉండడము సహజంగా కనిపిస్తుంది. రామారావుగారు తగ్గి ఉండడంలో ఒక సింహము పిల్లలతో ఆడుకొంటున్న అందము ఉన్నది. రెండూ మంచివే గాని, రెండవది మరపు రాదు.

ఈ చిత్రము విడుదలైనప్పుడు హైదరాబాదు వేరే రాష్ట్రము. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని; సినిమాలు తీసేది మద్రాసులో; బషీర్‌బాగ్, అబిడ్సు, నాంపల్లి వీథులలో వినిపించేది ఎక్కువగా ఉర్దూ. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడినది. మూడు రాజధానుల నడుమ చెదరియున్న తెలుగువారు ఒకే నవ్వు నవ్వుకోవడానికి ఇటువంటి చిత్రాలు తోడ్పడినవి. ఆ పని పరిపాలకుల దస్తావేజులు చేయగలిగినది కాదు. తరువాత కాలంలో బషీర్‌బాగ్‌లోనే స్కైలైన్ సినిమాహాలు ఇంగ్లీషు చిత్రాలకు పేరొందినది. ఆ పేటవారికి హాలీవుడ్ నాయకులూ, తెలుగు నాయకులూ ఇరుగుపొరుగువారైనారు.

ఇక రేడియో సంగతి. హైదరాబాదులో 1935నుండి నడచిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసినది. కాని 'మిస్సమ్మ' వచ్చిననాటికి ఆకాశవాణిలో సినిమాపాటలకు చోటు అంతంతమాత్రము. 1952 తరువాత సమాచార మంత్రి బి.వి. కేస్కర్ గారు సినిమా సంగీతాన్ని దూరంగా ఉంచినారు. శ్రోతలు ముల్లు త్రిప్పి రేడియో సిలోనును ఆశ్రయించినారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైన తరువాత ఆ పాటలు మన ఇంటికి తిరిగి వచ్చినవి. సినిమాహాలు ముఖము చూడని ముసలమ్మలు కూడ రేడియోలోనే మిస్సమ్మను ఎరుగుదురు. రాజేశ్వరరావుగారి బాణీలు ఈనాటికీ పాతబడకపోవడానికి రేడియో చేసిన సేవ తక్కువ కాదు.

ఇంత మెచ్చిన తరువాత ఒక కొరతను దాచిపెట్టడము న్యాయము కాదు. కథ చివర మేరీ కాలిమీది పుట్టుమచ్చవల్ల ఆమె జమీందారుగారి తప్పిపోయిన కూతురేనని తేలుతుంది. హిందువుకూ క్రైస్తవురాలికీ నడుమ ప్రేమ పుట్టించిన కథ, పెండ్లి దగ్గరకు వచ్చేసరికి ఆమెను మహాలక్ష్మిని చేసి ఊపిరి పీల్చుకున్నది. కాలము అటువంటిది, రచయితలు ప్రేక్షకులను మరీ దూరము నడిపించదలచలేదు. అయినా మేరీ విశ్వాసాన్ని ఈ చిత్రము ఎక్కడా హేళన చేయలేదు. మేరీమాతను ఆమె ప్రార్థించే పాటను ఎంతో ఆర్తితో స్వరపరచినారు. పుట్టుమచ్చ బయటపడకముందే, ఆమె మేరీగా ఉన్నప్పుడే, రావు ఆమెను ప్రేమించినాడు. పెద్దలకు పుట్టుమచ్చ కావలసి వచ్చినది, మాస్టారుకు అక్కరలేకపోయినది. కథ చెప్పడానికి జంకిన మాటను నటుని ముఖము ముందే చెప్పినది.

ఆ తరువాత రెండేండ్లకు, 1957లో, 'మాయాబజార్'లో రామారావుగారు శ్రీకృష్ణుడైనారు. 1958లో 'భూకైలాస్' రావణుడు, 1960లో వేంకటేశ్వరుడు, 1963లో 'లవకుశ' రాముడు. మాయాబజారు కృష్ణుని కన్నులలోని ఆ చిరునవ్వును శ్రద్ధగా చూస్తే, అది అప్పాపురము మాస్టారు దగ్గర అభ్యసించినదే అనిపిస్తుంది. అన్నీ తెలిసి, ఏమీ తెలియనట్లు ఊరుకునే నవ్వు అది. 1962లో 'గుండమ్మ కథ'లో పనివాని వేషములో మరల ఒకసారి తగ్గి, మరల ఒకసారి గెలిచినారు. క్రమంగా చిత్రాలు పెద్దవైనవి, సంభాషణలు దీర్ఘమైనవి, నాయకుడు మాట్లాడేవాడైనాడు గాని వినేవాడు కాలేకపోయినాడు. ఇది ఆయన ఒక్కరి సంగతి కాదు. మన చిత్రాల నాయకులందరి సంగతీ అంతే. వెండితెర వినోదాన్ని పెంచుకున్నది గాని, ఓర్పును పోగొట్టుకున్నది.

రామారావుగారు 1996 జనవరి 18న కీర్తిశేషులైనారు. నాయకులకు విగ్రహాలు ఉంటాయి, దేవుళ్ళకు పటాలు ఉంటాయి, ఎం.టి. రావుకు మాత్రము మన నవ్వే స్మారకచిహ్నము. ఒక ఇంటిలో భార్య విసుగుతో ఒక మాట అన్నప్పుడు, భర్త ఒక్క క్షణము ఆగి, ఆ మాటకు వేరే అర్థము ఉండవచ్చునని చిన్నగా నవ్వుకుంటే, ఆ మాస్టారు పాఠము ఇంకా సాగుతున్నదన్న మాటే. అటువంటి ఇండ్లు పెరుగుగాక అని కోరుతున్నాము.